రాయి దొరికింది, పేర్లే దొరకలేదు

మా సేవా క్లబ్బు ఈ సైనికుల స్మారకానికి ముందు చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది బస్టాండు దగ్గరి చలివేంద్రం. పెద్దది అని ఎందుకంటున్నానంటే దాని బోర్డు మీద పదకొండు మంది దాతల పేర్లున్నాయి, కుండలు మాత్రం నాలుగే. మన దగ్గర ఇదేం కొత్త కాదు లెండి. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాయిస్తాం, ఫ్యాను తిరిగినంతసేపూ ఆ పేరు ఎవరికీ కనపడదు, కరెంటు పోయినప్పుడే ఆ పుణ్యాత్ముడెవరో తెలిసేది. రెండేళ్ళ కింద ఊళ్ళో చనిపోయిన సైనికుల కోసం ఒక స్మారకం కట్టాలని కూర్చున్నప్పుడు కూడా మొదటి మీటింగులో మొదటి గంట దాతల శిలాఫలకం ఎంత సైజుండాలన్న దాని మీదే గడిచింది. అసలు మన ఊరివాళ్ళు ఎంతమంది పోయారు, వాళ్ళ పేర్లేంటి అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు. గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టూ ఉన్న పల్లెల సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు, వాన సరిగ్గా పడదు, బోర్లు ఎండిపోతాయి, ఇంటర్ అయీ అవ్వగానే మగపిల్లలు తెల్లారగట్ల నాలుగింటికి లేచి రోడ్డు మీద పరుగు మొదలుపెడతారు, రిక్రూట్‌మెంట్ ర్యాలీలో 1600 మీటర్లు పరిగెత్తాలి కదా, దానికోసం. సెలవు మీద నల్ల ట్రంకుపెట్టెతో దిగేవాళ్ళు, మిలిటరీ క్యాంటీన్ సామాన్లు, రిటైరయ్యి వచ్చి బ్యాంకు ముందు గన్‌మ్యాన్‌గా నిలబడేవాళ్ళు, ఇవన్నీ మాకు మామూలే. మిలిటరీ మాధవరం అని పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర ఊరుంది, దాదాపు ఇంటికొకరు సైన్యంలో చేసినవాళ్ళే, ఆ ఊరి గురించి పేపర్లలో చాలాసార్లు వచ్చింది. మా పల్లెల గురించి అంతగా రాదు.

నాకు డీటీపీ షాపుంది. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు, పెద్దకర్మ కార్డులు. కాబట్టి క్లబ్బులో ఏ పని వచ్చినా "అక్షరాల సంగతి మనవాడు చూసుకుంటాడులే" అని నా మీద పడేస్తారు. ఈసారీ అంతే జరిగింది, కాకపోతే ఈసారి ఆ అక్షరాలే మొత్తం పని అని అప్పుడు ఎవరికీ తెలీదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా లాంటి సేవా క్లబ్బులకి సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. ప్రెసిడెంటు ఏడాదికొకరు మారతారు. ప్రతి ప్రెసిడెంటుకీ తన హయాంలో ఒక "పర్మనెంట్ ప్రాజెక్టు" ఉండాలని ఆశ, రక్తదాన శిబిరాలూ కంటి క్యాంపులూ ఎన్ని చేసినా శిలాఫలకం మిగలదు కదా. అందుకని ఆ ఏడాది ప్రెసిడెంటు గారు జూన్ లోపల ఓపెనింగ్ అయిపోవాలని పట్టుబట్టారు. మంచి మనిషే, సొంత డబ్బు కూడా బాగానే పెట్టారు, ఆ తొందర ఒక్కటే మా ప్రాణం తీసింది.

స్థలం అనగానే అందరూ నాలుగురోడ్ల సెంటరే అన్నారు. అక్కడ ఇప్పటికే మూడు విగ్రహాలున్నాయి, నాలుగో దిక్కు ఖాళీగా ఉంది. అర్జీ పెట్టుకుంటే ఆఫీసులో ఒక కాగితం తీసి చూపించారు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అది, రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్తగా విగ్రహాలు గానీ కట్టడాలు గానీ పెట్టడానికి ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. ఆ ఉత్తర్వు వచ్చాక కూడా మా ఊళ్ళో సెంటర్లలో విగ్రహాలు లేచిన సంగతి అందరికీ తెలుసు, అయినా ఇంకో తప్పు మేమెందుకు చేయడమని ఊరుకున్నాం. ఆఖరికి మా క్లబ్బు సొంత హాలు ముందు, కాంపౌండు లోపల, రోడ్డుకి ఆనుకుని రెండు సెంట్లు తీశాం. దానికోసం ఒక వేపచెట్టు కొట్టేయాలన్నారు, మేం ఇద్దరం గొడవ చేసి ఆపించాం. ఇప్పుడు అక్కడ ఎవరైనా నిలబడుతున్నారంటే ఆ నీడ వల్లే.

డిజైను మీద జరిగిన చర్చ రాస్తే ఇదొక్కటే పెద్ద పోస్టు అవుతుంది. ఒకాయన ట్యాంకు తెప్పిద్దామన్నాడు, పాతబడిన టీ-55 ట్యాంకులు అడిగితే ఇస్తారట. ఇస్తారేమో, అది 36 టన్నులు, మా స్థలం రెండు సెంట్లు. ఇంకొకాయన పైన మూడు సింహాలు పెట్టాలన్నాడు. జాతీయ చిహ్నాన్ని ఎవరు పడితే వాళ్ళు వాడకూడదని 2005లో చట్టమే వచ్చింది, పెళ్ళికార్డు మీద వేయమని ఎవరైనా అడిగినా నేను వేయను, ఆ ముక్క చెప్పి ఆపాను. తర్వాత అందరూ తల కిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద హెల్మెట్టు అనుకున్నారు, ఇండియా గేటు దగ్గర 1972 జనవరి 26 నుంచి 2022 దాకా అమర్ జవాన్ జ్యోతి మీద చూసిన బొమ్మే. యుద్ధభూమిలో పడిపోయిన సిపాయి ఎక్కడున్నాడో తెలియడానికి అతని తుపాకీనే నేలకి గుచ్చి పైన టోపీ పెట్టడం పాత అలవాటు, అందులోంచి వచ్చిందది.

ఫైబర్ బొమ్మ వచ్చాక సుబేదారు గారిని పిలిచాం. ఆయన మద్రాస్ సాపర్స్‌లో, అంటే బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో, ఇరవై ఎనిమిదేళ్ళు చేసి వచ్చారు, అక్కడ వాళ్ళని అందరూ తంబీలు అంటారట. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి "ఇదేం గన్ను బాబూ? ఎస్ఎల్ఆర్ కాదు, ఇన్సాస్ కాదు, తిరునాళ్ళలో పిల్లోడు కొనుక్కున్నట్టుంది" అన్నారు. ఢిల్లీ బొమ్మలో ఉన్నది ఎస్ఎల్ఆర్, సైన్యం పాత 7.62 మి.మీ. రైఫిలు. ఆ బొమ్మ వెనక్కి పంపాం, డబ్బు వెనక్కి రాలేదు. ఆ తర్వాత బొమ్మే వద్దనుకున్నాం. నిజం చెప్పాలంటే అదే మంచిదైంది, పేర్లు చెక్కిన ఒక్క నల్లరాయి చాలు అన్నది అప్పుడే తేలింది.

రాయి మా జిల్లాలోనే ఉంది కదా అని చీమకుర్తి గెలాక్సీ అనుకున్నాం. ప్రపంచమంతా పోతుందది, నల్లటి రాతిలో బంగారు రజను చల్లినట్టుంటుంది. వంటింటి బల్లకి ఎంత అందమో పేర్లకి అంత పనికిరాదు. సన్న అక్షరాలు చెక్కి బంగారు రంగు నింపితే ఏది చుక్కో ఏది సున్నానో తెలీదు. మార్టూరు వైపు గ్రానైట్ పని చేసే ఒక కుర్రాడే ఈ మాట చెప్పాడు, "సార్, పేర్లకైతే మచ్చలేని నల్లరాయి తీసుకోండి, ఎక్కువ రేటు గెలాక్సీది అమ్ముకుంటే నాకే లాభం కానీ రేపు మీరు నన్నే తిడతారు" అని. లోతు కూడా అతనే చెప్పాడు, పైపైన లేజర్‌తో గీకితే నాలుగు ఎండాకాలాలకి రంగు పోయి పేరు కనపడదు, ఇసుకతో కొట్టించి లోతుగా దింపాలి.

సరే, రాయి వచ్చింది. పేర్లు?

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే వాళ్ళ దగ్గరున్న లిస్టు ఇచ్చారు. అది ఎక్కువగా పెన్షన్ల లెక్క. భార్యో తల్లో ఉండి పెన్షన్ తీసుకున్నవాళ్ళ పేర్లే దొరుకుతాయి. పెళ్ళి కాకుండా పోయి, తల్లిదండ్రులు కూడా ఎప్పుడో పోయినవాళ్ళు ఉండరు. 1965లో పోయిన ఒకతని పేరు అందులో లేదు, మా వీధిలో ముసలమ్మ ఒకావిడ చెప్తే తెలిసింది, ఆవిడ అతనికి వరసకి అక్క. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వతంత్రం వచ్చాక పోయినవాళ్ళ పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి, మొదలుపెట్టేనాటికి 25,942. అందులో వెతికితే అతను దొరికాడు. కాకపోతే ఇంటిపేరు చివర, అసలు పేరు ముందర, మధ్యలో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంది. మిలిటరీలో మన పేర్లు ఇంగ్లీషులో రాసుకున్న గుమాస్తా ఎవరో గానీ తెలుగువాడైతే కాదు. అందుకని ప్రతి ఇంటికీ వెళ్ళి "మీవాడి పేరు తెలుగులో ఎలా రాసేవాడు?" అని అడగాల్సొచ్చింది. ఒక తల్లి అతని స్కూలు నోటుబుక్కు తెచ్చి అట్ట మీద అతను రాసుకున్న పేరు చూపించింది. ఇంటిపేరు పూర్తిగా రాసుకున్నాడు, పొడి అక్షరం కాదు. రాయి మీదా అట్లాగే వేశాం.

తర్వాత అసలు గొడవ మొదలైంది, ఎవరి పేరు వేయాలి అని.

యుద్ధ స్మారకం అన్నాం కాబట్టి యుద్ధంలో పోయినవాళ్ళే ఉండాలని ఒక వర్గం. మా లిస్టులో కార్గిల్‌లో పోయినవాడు ఒకడున్నాడు, కాశ్మీరులో పోయినవాళ్ళు ముగ్గురు, మిగతావాళ్ళు రకరకాలుగా పోయారు, కొండ రోడ్డు మీద లారీ బోల్తాపడి ఒకరు, ఎత్తైన చోట ఊపిరి అందక ఒకరు. సైన్యం లెక్కల్లో కూడా యుద్ధ మరణం వేరు, మామూలు మరణం వేరు, దాన్నిబట్టి ఇంటివాళ్ళకి వచ్చే డబ్బు మారుతుంది, ఆ వర్గం వాళ్ళు అదే ఎత్తి చూపారు. సుబేదారు గారికి కోపం వచ్చింది. "2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సోనం పోస్టు మీద మంచుచరియ పడితే 19 మద్రాస్ బెటాలియన్ వాళ్ళు పదిమంది పోయారు, మన కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ అందులో ఉన్నాడు. అక్కడ ఎవరి తుపాకీ పేలింది? ఆ కుర్రాణ్ణి ఏ లెక్కలో వేస్తారు మీరు?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

మరి సీఆర్పీఎఫ్? మా లిస్టులో ఇద్దరున్నారు, ఛత్తీస్‌గఢ్‌లో పోయారు. వాళ్ళు రక్షణశాఖ కింద రారు, హోంశాఖ. ఢిల్లీలో కూడా వాళ్ళ పేర్లుండేది చాణక్యపురిలో 2018లో కట్టిన పోలీసు స్మారకంలో, యుద్ధ స్మారకంలో కాదు. ఊళ్ళో జనానికి ఈ తేడా లేదు, ఏ యూనిఫారంలో పోయినా "మిలిటరీ ఆయన" అనే అంటారు. వేయాలన్నాం. ఆఖర్న ఒక తండ్రి మా షాపుకొచ్చి కౌంటరు ముందు చాలాసేపు నిలబడి, వాళ్ళబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు బైక్ యాక్సిడెంటులో పోయాడని, పేరు వేస్తారా అని అడిగాడు. సెలవులో ఉన్నా ఉద్యోగంలో ఉన్నట్టే అని నేను మీటింగులో వాదించి పేరు వేయించాను. అది సరైందేనా అంటే ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. ఇద్దరు మెంబర్లు ఆ రోజు నుంచి నాతో సరిగ్గా మాట్లాడరు.

దీంతో రాయి మీద తలమాట మారిపోయింది. "అమరవీరుల స్తూపం" అని మొదట రాసుకున్నాం. తెలుగునాట స్తూపం అనగానే పార్టీల స్తూపాలో తెలంగాణ ఉద్యమంలో పోయినవాళ్ళ స్తూపాలో గుర్తుకొస్తాయి, అది ఒకటి. రెండోది, అమరవీరుడు, షహీద్ లాంటి మాటలు సైన్యం అధికార భాషలో లేవని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. "ఊరి నుంచి వెళ్ళి తిరిగి రానివారు" అని నేనొకటి రాశాను, బాగుందన్నారు, రాత్రికి గుర్తొచ్చింది, బైక్ మీద పోయినవాడు తిరిగొచ్చాడు కదా, మన ఊళ్ళోనే కదా పోయింది. చివరికి "దేశం కొలువులో ఉండగా మనకు దూరమైన మన ఊరివారు" అని పెట్టాం. కొంచెం పొడుగే. తప్పైతే కాదు.

వరస ఎలా అన్నదాని మీద మాత్రం పెద్దగా కొట్టుకోలేదు. ర్యాంకు ప్రకారం వేద్దామని ఎవరో అన్నారు, ఇంకెవరో కులం పేర్లు తోకలు ఉంచాలా తీసేయాలా అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1917లో, ఫేబియన్ వేర్ అనే ఆయన పూనుకుని బ్రిటిష్ వాళ్ళ చేత యుద్ధ సమాధుల కమిషన్ ఒకటి పెట్టించాడు, జనరల్ అయినా సిపాయి అయినా ఒకే సైజు రాయి అన్నది వాళ్ళ నియమం. మన సిపాయిల విషయంలో ఆ నియమాన్ని చాలాచోట్ల గాలికొదిలేశారనుకోండి, 2021లో వాళ్ళే ఒప్పుకుంటూ రిపోర్టు ఇచ్చారు. నియమం మాత్రం మంచిది. అందరికీ ఒకే సైజు, పోయిన తేదీ ప్రకారం వరస, ఇంటివాళ్ళు చెప్పిన పేరు.

ఆ కమిషన్ వాళ్ళ సైటులో పేర్లు వెతుక్కోవచ్చని తెలిసి ఒక రాత్రి షాపు మూసేశాక కూర్చున్నాను. మా జిల్లా పేరు కొడితే ఏమీ రాలేదు. రాదు మరి, ప్రకాశం జిల్లా ఏర్పడిందే 1970లో. రెండో ప్రపంచ యుద్ధం నాటికి మా కంభం, గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లా. కర్నూలు అని, కంభం స్పెల్లింగు మూడు నాలుగు రకాలుగా కొడితే ఒకటి తగిలింది. ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు, అని రాసుంది. ఆ ఊరు మాకు ఏడు కిలోమీటర్లు, నా పెళ్ళికార్డుల కస్టమర్లు సగం మంది అక్కడివాళ్ళే. అతని పేరు రంగూన్ స్మారకం మీద ఉందట, బర్మాలో తౌక్యాన్ అనే చోట, సమాధి తెలియని సుమారు 27 వేల మందితో పాటు. 1958 నుంచి ఉంది అక్కడ. రెండో యుద్ధంలో మన సైన్యం 25 లక్షల మంది అని ఎప్పుడో చదివాను, ఆ అంకె నాకు ఎప్పుడూ తలకెక్కలేదు, ఇంటిపేరు చూశాక ఎక్కింది.

మర్నాడు ఆ ఊరెళ్ళాను. అతని అన్న మనవడు దాణా కొట్టు నడుపుతున్నాడు. "మా చిన్న జేజినాయన రంగంలో పోయాడని మా జేజి చెప్పేది అన్నా. కూలికి పోయి అక్కడే పెండ్లి చేసుకుని ఇంటికి రాలేదనుకున్నాం. మా ఇంట్లో ఎవరైనా ఇల్లు మర్చిపోతే రంగమోడిలా అని తిట్టేవాళ్ళు" అన్నాడు. రంగం అంటే రంగూన్, పాతవాళ్ళు అలాగే అనేవాళ్ళు. ఎనభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆయన పేరు ఒక తిట్టుగా బతికుంది.

ప్రూఫు పని గురించి రెండు ముక్కలు. పేర్లు యూనికోడ్‌లో టైపు చేసి పంపితే చెక్కేవాళ్ళ దగ్గర యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లు, మార్చేటప్పుడు ఒక పేరులో క్ష్మ విరిగి కింది వత్తు ఎగిరిపోయింది, అది రబ్బరు షీటు మీద కట్ అయ్యి రాయి మీద అంటించేదాకా ఎవరూ చూడలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ నా పెళ్ళిలో కూడా పడలేదు. పెళ్ళికార్డులో తప్పు పోతే వెయ్యి కార్డులు మళ్ళీ వేయొచ్చు. తర్వాత ఫైలు కోరల్‌డ్రాలో పెట్టి అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చి, అప్పుడు ఇచ్చాను. అంతా అయ్యాక బిల్లు దగ్గర ఇంకో పేచీ, అక్షరానికి ఇంతని మాట్లాడుకున్నాం, అతను వత్తులు విడిగా లెక్కేశాడు. మన పేర్లలో వత్తులు ఎన్నుంటాయో ఆ బిల్లు చూస్తేనే తెలిసింది.

జూన్ 30 ఎప్పుడో దాటిపోయింది. పాత ప్రెసిడెంటు గారు కొన్నాళ్ళు అలిగారు, కొత్తాయన ఓపెనింగ్ రోజు ఆయన్నే పిలిచి రిబ్బను కట్ చేయించబోతే, ఆయన కత్తెర తీసుకెళ్ళి నోటుబుక్కు చూపించిన ఆ తల్లి చేతిలో పెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఆయనంతట ఆయనే. మంత్రులు రాలేదు, పిలవలేదు కూడా. దాతల శిలాఫలకం హాలు లోపల, మెట్ల కింద పెట్టాం. చలివేంద్రం వాళ్ళు కొందరికి ఇది నచ్చలేదు.

ఒక్కటి మాత్రం తేలకుండా మిగిలింది. రాయి మీద పేర్లు పద్నాలుగు, కింద జానెడున్నర ఖాళీ. చెక్కే కుర్రాడు "బోడిగా ఉంది సార్, లత డిజైను వేయనా" అన్నాడు. మేం వద్దన్నాం, ముందు ముందు అవసరం పడొచ్చని ఎవరో అన్నారు, అన్నాక అందరం నోరు మూసుకున్నాం. ఓపెనింగ్ రోజు ఒకావిడ ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడింది, ఆవిడ కొడుకు లడఖ్‌లో ఉన్నాడు. ఆ చూపు నేను మర్చిపోలేకపోయాను. పదిరోజుల తర్వాత కమిటీలో కూర్చుని, ఆ ఖాళీ పాతవాళ్ళ కోసం, 1914 నుంచి 1945 దాకా పోయి మనకింకా దొరకని వాళ్ళ కోసం అని తీర్మానం రాసి, చిన్న పలక మీద ఆ మాట చెక్కించి రాయి పక్కన పెట్టాం. ఆవిడ చదివిందో లేదో తెలీదు.

అందుకే ఈ పోస్టు. గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టుపక్కల మీ ఇళ్ళల్లో రంగం పోయి రాని తాతలుంటే, బస్రా అనో ఈజిప్టు అనో సింగపూరు అనో ఇంట్లో చెప్పుకునే మాట ఉంటే, పాత మెడల్ ఏదైనా ట్రంకుపెట్టెలో ఉంటే (దాని అంచు మీద సన్నగా నంబరూ పేరూ ఉండొచ్చు, సబ్బుపెట్టి తోమకండి) నాకు చెప్పండి, వెతుకుదాం. మొన్న అలాగే ఒకరి సంగతి తెలిసింది, సింగపూరు స్మారకం మీద ఉన్నాడు. శుక్రవారం చెక్కే కుర్రాడు వస్తానన్నాడు. ఈసారి వత్తులకి విడిగా ఇచ్చేది లేదని ముందే చెప్పాను.